అన్నిట్లో నేనే నామినీని, ఇంకేం కావాలి?

ప్రశ్న: మావారికి 72, నాకు 66. మారతహళ్ళిలో ఇద్దరి పేరు మీదా ఒక ఫ్లాటు, మార్కాపురం దగ్గర ఆయన కొనుక్కున్న రెండెకరాలు, కొన్ని డిపాజిట్లు ఉన్నాయి. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి ఇక్కడే వైట్‌ఫీల్డ్‌లో. మా అత్తగారికి 93, ఊళ్ళో బావగారి దగ్గర ఉంటారు. వీలునామా మాటెత్తితే "అన్నిట్లో నువ్వే నామినీవి, ఇంకేం కావాలి? శుభమా అని ఉంటే ఆ మాటలేమిటి?" అని మావారు కసురుతారు. ఆయన చెప్పేది నిజమేనా?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: సగం కూడా నిజం కాదమ్మా. బ్యాంకులో నా చివరి ఆరేళ్ళూ మల్లేశ్వరంలో, పోయినవాళ్ళ ఖాతాల క్లెయిములు చూసే సీట్లో గడిచాయి. కౌంటరు అవతల నిలబడి "నేనే కదండీ నామినీని" అన్న ఆడవాళ్ళకి లెక్కలేదు. నామినీ అంటే డబ్బు చేతికి అందుకునే మనిషి, అంతే. ఆ డబ్బు ఎవరిదో తేల్చేది వీలునామా, అది లేకపోతే వారసత్వ చట్టం. సుప్రీంకోర్టు 1984లో ఎల్ఐసీ పాలసీ కేసులో ఇదే చెప్పింది, 2023లో షేర్ల విషయంలోనూ ఇదే. (బీమాకి మాత్రం 2015లో చట్టం మారింది. భార్యో భర్తో, పిల్లలో, తల్లిదండ్రులో నామినీలైతే ఆ సొమ్ము వాళ్ళదే.)

మీ ఉత్తరం చదువుతుంటే నా కన్ను మీ అత్తగారి దగ్గర ఆగిపోయింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగమనిషి వీలునామా రాయకుండా పోతే ఆస్తి భార్యకీ, పిల్లలకీ, తల్లికీ సమానంగా వెళ్తుంది. అవును, తల్లికి కూడా. మీ ఇంట్లో నాలుగు వాటాలు. రెండెకరాల్లో మీకొచ్చేది అరెకరం. ఫ్లాటు చెరిసగం అనుకుంటే మీ సగం మీదే, ఆయన సగం నాలుగు ముక్కలై మీకు ఇంకో ఎనిమిదో వంతు వస్తుంది. అత్తగారికీ ఎనిమిదో వంతే. కానీ ఆవిడా ఏమీ రాయకుండా వెళ్ళిపోతే ఆ ముక్కలో మీ బావగారికి భాగం వస్తుంది. అప్పుడు మారతహళ్ళి ఫ్లాటు అమ్మాలంటే మార్కాపురం నుంచి సంతకం రావాలి. బావగారు దేవుడే కావచ్చు. ఆయన తర్వాత వచ్చేవాళ్ళ సంగతో?

పొలం ఆయన స్వార్జితం కాబట్టి ఎవరికైనా రాసుకోవచ్చు. (పిత్రార్జితమైతే తన వాటా వరకే.) స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఆయన సంతకం చేస్తుంటే ఇద్దరు సాక్షులు చూడాలి, ఆయన ఎదుటే తామూ సంతకాలు పెట్టాలి. ఆస్తి అందుకునేవాళ్ళని సాక్షులుగా పెట్టకండి. ఆయన వాకింగ్ స్నేహితులనీ వద్దంటాను, ఎవరు ముందు వెళ్తారో! పై ఫ్లాటులో నలభై ఏళ్ళ కుర్రాడు నయం. ఇంకో సాక్షి మీ డాక్టరైతే రేపు మతిస్థిమితం గొడవ ఎవరూ లేవదీయరు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, నేనైతే చేయించమంటాను. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ళ కావేరి పోర్టల్లో టైము తీసుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళడమే. తెలుగులో రాసినా చెల్లుతుంది గానీ, ఇక్కడి ఆఫీసులో అనువాదం కూడా అడగొచ్చు.

అసలు తలనొప్పి పేర్లతో. మనవాళ్ళ ఇంటిపేరు పాస్‌పుస్తకంలో ముందుంటుంది, పాన్ కార్డులో చివరికి పోతుంది, ఫ్లాటు కాగితాల్లో పొడి అక్షరమై మిగులుతుంది. ఆ మూడూ ఒక్కరేనని తర్వాత నిరూపించుకోవాల్సింది మీరు. ఎక్కడెక్కడ ఎలా ఉందో చూసి, ఇవన్నీ నా పేర్లేనని వీలునామాలోనే ఒక వాక్యం రాయించండి.

డిపాజిట్ రసీదులు కూడా బయటికి తియ్యండి. ఊరందరి నామినేషన్లూ సరిచేసిన దాన్ని, మావారు పోయాక ఆయన రసీదు తీసి చూస్తే నామినీ మా అత్తగారు! ఆవిడ పోయి అప్పటికి పదకొండేళ్ళు. మా పెళ్ళికి ముందు వేసిన డిపాజిట్, రెన్యూ అవుతూ వచ్చింది, ఇంట్లో ఉన్న బ్యాంకు ఉద్యోగినికి చూడాలని తోచలేదు. ఎంతోమంది చేత నింపించిన వారసుల క్లెయిము ఫారం నేనే నింపుకున్నాను. మస్కట్‌లో ఉన్న మావాడి సంతకం వచ్చి పని పూర్తయ్యేసరికి ఐదు నెలలు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చు. మీ పేరు తర్వాత అమ్మాయి పేరు కూడా వరసలో ఉండనివ్వండి.

ఇక మీవారి కసురు సంగతి. ముందు మీరు రాయండి. ఫ్లాటులో సగం మీది, నగలు మీవి. ఆదివారం టిఫిను అయ్యాక ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని "చంద్రహారం అమ్మాయికి, కాసులపేరు కోడలికి" అని పైకి చదువుతూ రాయండి. రెండో నగ దగ్గరే "అదేమిటి, కాసులపేరు అమ్మాయికని కదా అనుకున్నాం!" అని ఆయన కల్పించుకుంటారు. అప్పుడు ఇంకో తెల్లకాగితం ఆయన ముందుకి జరపండి.