ఆగస్టులో వద్దు తల్లీ, నవంబరు దాకా ఆగు

ఖమ్మం నుంచి ఒక అమ్మాయి ప్రశ్న: "ఆగస్టులో ఎమ్మెస్ కోసం టెక్సస్ వస్తున్నాను. లక్షన్నరలో మంచి ల్యాప్‌టాప్, దాంతోపాటు కొత్త ఐఫోన్, ట్యాబ్ కొనాలని ఉంది. ఇక్కడే కొని తెచ్చుకోవాలా, అక్కడికి వచ్చాక కొనాలా? ప్రస్తుతం అన్నయ్య వాడిన మూడేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఉంది. డబ్బంతా లోన్‌లోంచే."

తల్లీ, నీ ప్రశ్నలో నేను రెండుసార్లు చదివింది ఆ చివరి మాటే. 11 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చే అప్పులోంచి లక్షన్నర తీసి ల్యాప్‌టాప్ కొంటే, వాయిదాలన్నీ కట్టేసరికి దాని ఖరీదు దాదాపు 2 లక్షల 48 వేలు అవుతుంది. నువ్వు చదువుకునే రోజుల్లో పేరుకునే వడ్డీ దీనికి అదనం. ఆ ల్యాప్‌టాప్ నాలుగైదేళ్లకు మూలపడుతుంది. అప్పు మాత్రం ఆ తర్వాత కూడా మీ నాన్నగారి నెత్తిమీద ఉంటుంది. ఈ లెక్క నాకు ఎవరూ ముందు చెప్పలేదు. అందుకే నీకు చెబుతున్నాను.

నేను అమెరికా వచ్చింది 2008 ఆగస్టులో. మా నాన్నగారు ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టారు. బయలుదేరడానికి వారం ముందు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి తీసుకెళ్లి 46 వేలకు ల్యాప్‌టాప్ కొనిచ్చారు. రంగు చూశాం, బరువు చూశాం, బేరమాడి బ్యాగు ఉచితంగా ఇప్పించుకున్నాం. వారంటీ ఏయే దేశాల్లో చెల్లుతుందని మాత్రం ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు. అక్టోబరులో, సరిగ్గా మిడ్‌టర్మ్ పరీక్షల వారంలో, ఒక రాత్రి తెర నల్లబడిపోయింది. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే, వారంటీ భారతదేశానికే పరిమితమని, ఇక్కడ బాగుచేయించాలంటే 380 డాలర్లు అవుతుందని చెప్పారు. అప్పట్లో నా నెల అద్దె వాటా 210 డాలర్లు.

ఆ రాత్రి ఏడుస్తూనే యూనివర్సిటీ ల్యాబ్‌కి నడిచి వెళ్లాను. అక్కడ వరుసగా నలభై కంప్యూటర్లు, నా ల్యాప్‌టాప్ కన్నా పెద్ద తెరలతో, నా కోర్సుకు కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా వేసి, రాత్రంతా తెరిచే ఉన్నాయి. రెండు నెలలుగా ఆ భవనం ముందు నుంచే క్లాసుకు వెళుతున్నాను, ఒక్కసారి కూడా లోపలికి తొంగిచూడలేదు! ఆరు వారాలు ఆ ల్యాబ్‌లోనే గడిపాను. ఆ సెమిస్టర్‌లో అన్నిటిలోనూ ఏ గ్రేడే వచ్చింది. కాబట్టి రాగానే ల్యాప్‌టాప్ లేకపోతే చదువు ఆగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకు.

నా రెండో తప్పు దీనికన్నా పెద్దది. థ్యాంక్స్ గివింగ్ పండుగ మర్నాడు బ్లాక్ ఫ్రైడే నాడు అన్నీ సగం ధరకే వస్తాయని సీనియర్లు చెప్పారు. నవంబరు 27 రాత్రి పదకొండు గంటలకు ఒక పెద్ద దుకాణం ముందు వరుసలో నిలబడ్డాను. చలికి చేతులు కొంకర్లు పోయాయి. తెల్లవారుజామున ఐదింటికి తలుపులు తెరిచారు. 399 డాలర్ల ల్యాప్‌టాప్ చేతికి దొరకగానే గెలిచాననుకున్నాను. దాని మీద ఇంకో 50 డాలర్లు వెనక్కి ఇస్తారని చిన్న అక్షరాల్లో ఉంది. దానికోసం పెట్టె మీదున్న బార్‌కోడ్ కత్తిరించి, బిల్లుతో కలిపి పోస్టులో పంపాలి. గదికి రాగానే, కనీసం ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూడకుండానే, రూమ్మేట్ దగ్గర కత్తెర అడిగి తీసుకుని బార్‌కోడ్ కత్తిరించి పంపేశాను. రెండు రోజులకు తెలిసింది, అందులో ఉన్నది ఒక్క జీబీ మెమరీ (ర్యామ్) అని. విండోస్ విస్టా తెరుచుకోవడానికే దానికి ఊపిరి ఆడడంలేదు, ఇక నా ప్రాజెక్టు నడిచేదెక్కడ? వెనక్కి ఇద్దామని తీసుకెళితే, కౌంటర్ దగ్గరి మనిషి పెట్టెను అటూ ఇటూ తిప్పి, నేను కోసిన ఆ చతురస్రపు రంధ్రంలో వేలు పెట్టి చూపించి, తీసుకోలేమన్నాడు. ఆ 50 డాలర్ల చెక్కు కూడా నేను జనవరిలో అపార్ట్‌మెంట్ మారడంతో నా చేతికి రాలేదు. ఆగస్టులో 43 రూపాయలున్న డాలర్ అప్పటికి 50 దగ్గరికి చేరింది. నోట్‌బుక్‌లో ఆ ఖర్చును రూపాయల్లో రాసుకున్న పేజీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అందుకే ధర ఒక్కటే చూడొద్దంటాను. నీకు ఏం కావాలో తెలిశాకే ధర సంగతి. ఏం కావాలో చెప్పేది మీ డిపార్ట్‌మెంట్. చాలా యూనివర్సిటీలు కనీస కాన్ఫిగరేషన్, అంటే ల్యాప్‌టాప్‌లో కనీసం ఏమేం ఎంతెంత ఉండాలో, రాసి పెడతాయి, అది చదువు. కొన్ని ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్లు విండోస్ మీదే నడుస్తాయి, ఆపిల్ వాళ్ల మ్యాక్‌బుక్ మీద నడవవు. స్నేహితులందరూ మ్యాక్‌బుక్ కొన్నారని తామూ కొని, తర్వాత ల్యాబ్ చుట్టూ తిరగడం నేను ఇప్పటి పిల్లల్లోనూ చూస్తున్నాను. ఈ రోజుల్లో 16 జీబీ మెమరీకి తగ్గొద్దు. ఆపిల్ కూడా 2024 అక్టోబరులో మ్యాక్‌బుక్ ఎయిర్‌ను 16 జీబీతో మొదలుపెట్టింది. అంతకు ముందరి 8 జీబీవి చవగ్గా కనిపిస్తాయి కానీ వాటిలో తర్వాత మెమరీ పెంచుకునే వీలు లేదు.

అమెరికాలో ఎలక్ట్రానిక్స్ చాలా చవక అనే మాట మన ఊళ్లలో ఇంకా నడుస్తోంది. అది నా కాలం మాట. 2025 మార్చిలో ఎం4 చిప్‌తో మ్యాక్‌బుక్ ఎయిర్ వచ్చినప్పుడు దాని ధర ఇక్కడ 999 డాలర్లు, ఇండియాలో 99,900 రూపాయలు. ఇండియా ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది. ఇక్కడ బిల్లు దగ్గరికి వచ్చాకే పన్ను కలుపుతారు. టెక్సస్‌లో చాలా నగరాల్లో అది 8.25 శాతం, అంటే 1,081 డాలర్లు. డాలర్ 90 రూపాయలనుకుంటే 97 వేలు దాటింది. మిగిలింది ఏముంది? విద్యార్థులకు తగ్గింపు రెండు చోట్లా ఉంది. అసలు తేడా దేశంలో లేదు, నెలలో ఉంది. అదే ల్యాప్‌టాప్ ఆ ఏడాది నవంబరుకి చాలా దుకాణాల్లో 800 డాలర్ల లోపుకి వచ్చింది.

పైగా ఇప్పుడు ఎవరూ చలిలో నిలబడనక్కర్లేదు. బ్లాక్ ఫ్రైడే ధరలు దానికి వారం ముందు నుంచే ఆన్‌లైన్‌లో ఉంటాయి. ఆ సీజన్‌లో కొన్న వస్తువులను చాలా దుకాణాలు జనవరి దాకా వెనక్కి తీసుకుంటాయి. గడువు ఎంతో బిల్లు మీద చూసుకో. అప్పటిదాకా పెట్టె, దాని లోపలి థర్మకోల్‌తో సహా, జాగ్రత్తగా దాచు. నా మాట విని ఇది ఒక్కటైనా చెయ్యి. ఒకవేళ మీ ప్రొఫెసర్ ముందే కావాలంటే, జులై, ఆగస్టు నెలల్లో కాలేజీలు తెరిచేముందు వచ్చే తగ్గింపులు రెండో మంచి అదును. ఆపిల్ తన సైట్‌లో అమ్మే రీఫర్బిష్డ్ వాటికి, అంటే వెనక్కి వచ్చినవాటిని బాగుచేసి మళ్లీ అమ్మేవాటికి, ఏడాది వారంటీ ఉంటుంది. మా ఇంట్లో ఇప్పుడు నాలుగు ల్యాప్‌టాప్‌లున్నాయి, ఒక్కటీ పూర్తి ధర పెట్టి కొనలేదు.

చదువు ముగించి వెళ్లేవాళ్లు మే, డిసెంబరు నెలల్లో తమ ల్యాప్‌టాప్‌లు అమ్మేస్తుంటారు. అక్కడా మంచివి దొరుకుతాయి. డబ్బు ఇచ్చే ముందు వాళ్ల ఎదురుగానే ల్యాప్‌టాప్‌లోంచి వాళ్ల అకౌంట్ తీయించి, నీది పెట్టి చూడు. పాతది విండోస్ 11కి మారగలదో లేదో కూడా అడుగు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

ఫోను సంగతి. ఇప్పుడు నీ చేతిలో ఉన్న ఫోనుతోనే రా. ఇక్కడ ఐఫోన్ 14 నుంచి అమ్ముతున్న ఐఫోన్లలో సిమ్ కార్డు పెట్టే చోటే లేదు, అంతా ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్. నీ ఇండియా సిమ్ కార్డు అందులో పట్టదు. మీ బ్యాంకు ఓటీపీలు నీ ఇండియా నంబరుకే వస్తాయి. ఆ సిమ్ పనిచేయకపోతే లోన్ డబ్బు బ్యాంకులో ఉన్నా నీ చేతికి అందదు. బయలుదేరే ముందే ఆ నంబరుకి అంతర్జాతీయ రోమింగ్ పెట్టించి, కనీస రీఛార్జ్ క్రమంగా చేయమని ఇంట్లో చెప్పు. ఆ ఫోను ఇక్కడి నెట్‌వర్క్‌లో పనిచేస్తుందో లేదో ఇక్కడి కంపెనీల సైట్లలోనే చూసుకోవచ్చు.

రాగానే "ఫోను ఉచితం" అన్న బోర్డులు కనిపిస్తాయి. ఆ ఉచితం 24 లేక 36 నెలలపాటు నెలనెలా బిల్లులో కొంత కొంత తగ్గించే పద్ధతి. మధ్యలో మానేస్తే మిగిలిన ధర అంతా ఒకేసారి కట్టాలి. 2008లో నేను రెండేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాను. క్రెడిట్ చరిత్ర లేదని 400 డాలర్ల డిపాజిట్ తీసుకున్నారు. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన ఊళ్లో సిగ్నల్ అందక ఆపేస్తే, ఇంకో 175 కట్టించుకున్నారు. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఏ ఊరో తెలియదు, మూడేళ్ల వాయిదా దేనికి? నలుగురు రూమ్మేట్లు కలిసి ఒక ఫ్యామిలీ ప్లాన్ తీసుకోండి, ప్రీపెయిడ్ అయినా చాలు. ఐఫోనే కావాలంటే ఆపిల్ కొత్తవి సెప్టెంబరులో తెస్తుంది, అప్పుడు ముందటేడాదివి సాధారణంగా 100 డాలర్లు తగ్గుతాయి. నీ మొదటి జీతంతో కొనుక్కో.

ట్యాబ్ అసలు వద్దు. చాలా యూనివర్సిటీ లైబ్రరీలు వాటిని అరువిస్తాయి. 2010లో ఐప్యాడ్ మొదటిసారి వచ్చినప్పుడు నా ఇంటర్న్‌షిప్ జీతంలోంచి 499 డాలర్లు పెట్టి కొన్నాను. 2011 మార్చిలో అదే ధరకి, అంతకన్నా పల్చగా, కెమెరాలతో రెండోది వచ్చింది. ఆ 499 డాలర్లు ఆ నెల ఇంటికి పంపి ఉంటే నాన్నగారి మీద రెండు వాయిదాల భారం తగ్గేది.

మరి ఇప్పుడేం చేయాలి? అన్నయ్య ల్యాప్‌టాప్‌కి ఖమ్మంలోనే కొత్త బ్యాటరీ వేయించు. మెమరీ పెంచే వీలుంటే పెంచు. ఛార్జర్ మీద 100-240 వోల్టులని రాసి ఉందో లేదో చూడు. ఉంటే ఇక్కడి ప్లగ్గుకి సరిపోయే అడాప్టర్ ఒక్కటి చాలు. అనుకున్న లక్షన్నరను లోన్ ఖాతాలోంచి తీయకుండా అక్కడే ఉండనివ్వు. అక్టోబరు చివర్లో, నీ కోర్సుల పేర్లు, డిపార్ట్‌మెంట్ చెప్పిన కాన్ఫిగరేషన్, రోజూ దేనికి ఇబ్బంది పడుతున్నావో రాసి నాకు పంపు. నవంబరులో ఏది కొనాలో అప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం.