మూత్రంలో మంట: వేడి చేసిందా, ఇన్ఫెక్షనా?

ఎండాకాలంలో మూత్రంలో మంట వస్తే ‘వేడి చేసింది’ అనుకుని సబ్జా నీళ్లు తాగితే సరిపోతుందా అని అడిగారు. ఒంట్లో నీళ్లు తగ్గి మూత్రం చిక్కబడితే కాస్త మంట ఉంటుంది. అది నీళ్లు తాగితే తగ్గిపోతుంది. మంటతో పాటు మాటిమాటికీ వెళ్లాలనిపించి, తీరా వెళ్తే నాలుగు చుక్కలే వస్తుంటే, పొత్తికడుపులో నొప్పి కూడా ఉంటే ఇన్ఫెక్షన్ అనుకోవాలి.

ఎక్కువసార్లు కారణం మన పేగుల్లోనే ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా. ఆడవాళ్లలో మూత్రం బయటికొచ్చే గొట్టం పొడవు దాదాపు 4 సెంటీమీటర్లే. అందుకే ఆ బ్యాక్టీరియా తేలిగ్గా మూత్రాశయానికి చేరుతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కోఠి, అమీర్‌పేట షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు టాయిలెట్ సరిగా లేదని పొద్దున్నుంచీ నీళ్లే తాగకుండా ఉంటే నాకు బాధేస్తుంది. లోపలి బ్యాక్టీరియాను కడిగేసేది ఆ మూత్రమే కదా!

డాక్టర్ యూరిన్ కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) రాస్తే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వండి. మొదట కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చేది పట్టాలి. ఏ మందు పనిచేస్తుందో రెండు మూడు రోజుల్లో రిపోర్టులో తెలుస్తుంది. మెడికల్ షాపులో అడిగి రెండు మాత్రలు మింగి, మంట తగ్గగానే ఆపేయడం మాత్రం దయచేసి వద్దు.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే కిడ్నీ దాకా పాకి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు, మగవాళ్లు, పిల్లలైతే మంట మొదలవగానే చూపించుకోవాలి.