ఇన్సోల్ అప్పుడే పడేయకండి అన్నా

పొద్దున మంచం దిగి మొదటి అడుగేస్తే మడమలో గుచ్చుతోంది, మోకాలూ నొప్పే, డాక్టరిచ్చిన ఇన్సోల్ (షూ లోపల వేసుకునే మెత్త) మానేసి బేర్‌ఫుట్ షూస్ (ఒట్టి కాళ్లతో నడిచినట్టుండే పలచటి అడుగు షూస్) కొననా అన్నారు కదా, ఇప్పుడే వద్దన్నా. బేర్‌ఫుట్ షూస్‌తో మోకాలి మీద లోడ్ కొంత తగ్గేది నిజమే, కానీ అది ఎక్కడికీ పోదు, పిక్క మీదకి, పాదం ముందు ఎముకల మీదకి దిగుతుంది. 2013లో అమెరికాలో 36 మంది రన్నర్ల మీద స్టడీ చేస్తే, 10 వారాల్లో మెల్లగా ఈ షూస్‌కి మారినవాళ్లలోనే దాదాపు సగం మందికి పాదం ఎముకల్లో వాపు ఎమ్మారైలో కనబడింది. నేనైతే తొందరపడి వాటితో మొదటి వారమే 8 కిలోమీటర్లు పరిగెత్తా, పిక్క పట్టేసి నాలుగు రోజులు మెట్లు దిగలేకపోయా.

ముందు ఇది చేయండి: టవల్ చుట్టి మెట్టు అంచున వేళ్ల కింద పెట్టి, ఒంటి కాలి మీద 3 సెకన్లలో మడమ లేపి, 2 సెకన్లు ఆపి, 3 సెకన్లలో దించండి, రోజు విడిచి రోజు, ఓ మూడు నెలలు ఓపిక పట్టాలి. అప్పటిదాకా ఇన్సోల్ ఉంచుకోండి, ఇంట్లో మార్బుల్ మీద ఒట్టి కాళ్లతో తిరగొద్దు. నొప్పి తగ్గాక బేర్‌ఫుట్ షూస్‌తో పది నిమిషాల నడకతో మొదలెట్టండి, పరుగు తర్వాత. షుగర్ ఉండి పాదాలు మొద్దుబారుతుంటే మాత్రం వాటి జోలికే వెళ్లకండి.