గాలం ప్రశ్నలు: తేట నీళ్లలో కొర్రమీను, ఏ కాలంలో ఎక్కడ?

ప్రశ్న: అమెరికాలో బాస్ చేపలు పట్టే వీడియోలు చూసి ఏడడుగుల రాడ్, రీలు, నాలుగు రబ్బరు కప్పలు కొన్నాను. వసంతం రాగానే చేప ఒడ్డుకు చేరుతుందని వాటిలో చెప్పారు. మార్చిలో వైజాగ్ కాలనీ వైపు సాగర్ బ్యాక్‌వాటర్‌లో ఒడ్డు వెంబడే వేశాను. ఒక్క కొర్రమీను కూడా తగల్లేదు. తప్పు సామానుదా, నాదా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: సామాను సరైనదే. మీరు ఎంచుకున్న నెలకు ఆ చోటు కుదరలేదు. బాస్ చలి దేశపు చేప. చలికాలమంతా లోతున ఉండి, నీళ్లు 15 నుంచి 20 డిగ్రీల మధ్యకు వేడెక్కినప్పుడు గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ చోటికి వస్తుంది. అందుకే వాళ్ల వేట నీటి వేడిని బట్టి సాగుతుంది. మన కొర్రమీను గుడ్లు పెట్టేది వానాకాలంలో. మార్చిలో దానికి ఒడ్డుతో పనిలేదు. పైగా ఆ నెలలో సాగర్ మట్టం దిగుతూ ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడు నీళ్లలో మునిగిన గడ్డి, సర్కారు తుమ్మ కంప అంతా బయటపడి, ఒడ్డు బోడిగా మారుతుంది. దాక్కునే చోటు లేని ఒడ్డున కొర్రమీను నిలవదు. కాబట్టి మన దగ్గర తేదీకన్నా ముందు నీటిమట్టం చూసుకోవాలి.

వానాకాలం నుంచి లెక్క మొదలుపెడదాం. ఊరి చెరువు మన వానకే నిండుతుంది. జూన్, జూలైలో కొత్త నీళ్లు తుంగలోకి, శిఖం గడ్డిలోకి ఎక్కగానే చేప వాటి వెంటే వస్తుంది. సాగర్ అలా కాదు. ఎగువన ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటి వరద వస్తేనే అది 590 అడుగుల పూర్తి మట్టానికి చేరుతుంది. చాలా ఏళ్లలో అది ఆగస్టు, సెప్టెంబరు మాట. ఒకే జిల్లాలో ఊరి చెరువు కాలం, సాగర్ కాలం నెలకు పైగా తేడాగా నడుస్తాయి. చెరువులో జోరుగా తగులుతోందని అదే వారం సాగర్‌కు పోతే వరద ఇంకా అందని బోడి ఒడ్డే కనిపిస్తుంది.

వరద ఆగాక ఒండ్రు పేరుకుని, అక్టోబరు చివరికి నీళ్లు తేటపడతాయి. అప్పటి నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా మంచి కాలం. మట్టం నిలకడగా ఉంటుంది, గడ్డి ఇంకా మునిగే ఉంటుంది. రెండు నుంచి నాలుగు అడుగుల లోతున్న చోట, కలుపు అయిపోయి ఖాళీ నీళ్లు మొదలయ్యే అంచు వెంట రబ్బరు కప్పను నడిపించండి. వాగులు వచ్చి కలిసే మూలల్లో ముందు చూడండి. నిటారు బండరాళ్ల ఒడ్డును వదిలేయండి.

ఫిబ్రవరి నుంచి మే దాకా నీళ్లు తగ్గుముఖం. ఈ రోజుల్లో ఒడ్డు అంచును వదిలి, నేల ఒక్కసారిగా లోతుకు దిగే మొదటి మెట్టు వెతకాలి. పాత వాగు గట్టు, మునిగిన మొద్దు, పాత బావి ఒర ఉంటే ఇంకా మంచిది. అక్కడ నీటి పైన తేలే కప్పకు పనిలేదు. నాలుగంగుళాల మెత్తని రబ్బరు చేపపిల్లను, మొన దాని ఒంట్లోకే దాగేలా వంపు గాలానికి గుచ్చి, ముందు 5 నుంచి 7 గ్రాముల తూటా ఆకారపు సీసం బరువు వేసి అడుగున మెల్లగా ఈడ్చండి. ఏప్రిల్, మేలో తెల్లవారుజామున మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా ముగించండి. ఎండెక్కాక చేప గాలి పీల్చడానికి పైకి వస్తుంది గానీ ఎరను పట్టించుకోదు.

మట్టం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. సాగర్, శ్రీశైలం, జూరాల మట్టాలు జిల్లా పేజీల్లో తరచూ వస్తుంటాయి. వరుసగా మూడు రోజులవి రాసి పెట్టుకోండి. చెరువైతే సాయంత్రం నీటి అంచున పుల్ల గుచ్చి, తెల్లారి చూడండి. నీళ్లు పుల్లను వదిలి కిందికి జరిగితే అంచును వదిలి లోపలికి వేయండి. పుల్ల మునిగితే కొత్తగా తడిసిన గడ్డి దగ్గరే ఉండండి.

ప్రశ్న: డిండి దగ్గర నీళ్లు అద్దంలా ఉన్నాయి. కొర్రమీను కప్ప వెనకాలే వస్తుంది, అడుగు దూరంలో ఆగి తిరిగిపోతుంది. రంగులు మార్చినా అంతే. ఎందుకు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: రంగుకన్నా ముందు మీరు దానికి కనిపిస్తున్నారేమో చూడాలి. నీటి కిందున్న చేపకు బయటి ప్రపంచమంతా తలపైన ఒక గుండ్రని కిటికీలో కనిపిస్తుంది. నీటి మట్టానికి బాగా దగ్గరగా, సుమారు పది డిగ్రీల కోణం లోపు ఉన్నవి ఆ కిటికీ అంచున నలిగిపోయి, దాదాపు కనిపించవు. దీన్ని దూరంలోకి మార్చుకుంటే లెక్క సులువు. నీటి అంచున నేల మీద నిలబడ్డ మనిషి, చేపకు పది మీటర్ల దూరంలో ఉంటేనే ఆ హద్దులోకి వస్తాడు. అదే రెండు మీటర్ల ఎత్తు కట్ట మీద నిలబడితే ఇరవై మీటర్లు కావాలి. తేట నీళ్లలో కట్ట మీంచి వేసేవాళ్ల వైఫల్యానికి ఎక్కువగా ఇదే కారణం. కట్ట దిగండి. దగ్గరికి పోవాల్సి వస్తే కూర్చోండి, లేదా వెనక పొద ఉండేలా నిలబడండి. తెల్ల చొక్కా వద్దు. కాళ్లు గట్టిగా వేయకండి, నేల అదురు నీళ్లలోకి పోతుంది. మీ నీడ నీళ్ల మీద పడకుండా చూసుకోండి.

ఎర పడే తీరు కూడా ముఖ్యం. చేప ఉన్నచోటే కప్పను పడేస్తే బెదురుతుంది. దానికి రెండు మీటర్లు అవతలికి, వీలైతే కలుపు ఆకు మీదికి వేసి, అలలు సద్దుమణిగే దాకా పది సెకన్లు ఆగి, మెల్లగా నీళ్లలోకి జార్చండి. కప్ప సైజు తగ్గించండి. కలక నీళ్లలో ఆరు సెంటీమీటర్లది నడుస్తుంది, తేట నీళ్లకు నాలుగు, నాలుగున్నర చాలు. రంగు మురికి పచ్చ లేదా మట్టి రంగు. నల్లది కలక నీళ్లకు, మసక వెలుతురుకు దాచుకోండి.

వెనకాల వస్తున్నప్పుడు చాలామంది కప్పను ఆపుతారు. కలుపు మధ్య ఆపడం మంచిదే. తేట నీళ్ల ఖాళీలో ఆపితే మాత్రం చేపకు ఎరను పరిశీలించే తీరిక దొరుకుతుంది. అదే వేగంతో రానివ్వండి, చివరి రెండు మీటర్లలో కాస్త వేగం పెంచండి. పారిపోయే ఎరను అది వదలదు. అయినా తిరిగిపోతే వెంటనే మళ్లీ వేయకండి. పదిహేను నిమిషాలు వదిలేసి, ఇంకో కోణం నుంచి వేయండి.

గాలి మీకు చేసే మేలు పెద్దది. నీటిపైన చిన్న అల లేచినా ఆ కిటికీ చెదిరిపోతుంది. గాలి తోసుకొచ్చే ఒడ్డున వేయండి, నిశ్చలంగా ఉన్న మూలకు పొద్దున్నే పోయి రండి. నీటిపైన మెరుపును తగ్గించే ధ్రువీకృత (పోలరైజ్డ్) అద్దాలున్న కళ్లజోడు కొనుక్కోండి. తేట నీళ్లలో రెండో రాడ్ కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: కప్పను కొర్రమీను బలంగా కొడుతుంది, గుంజితే వట్టి కప్ప వస్తుంది. పది దెబ్బలకు రెండు కూడా నిలవడం లేదు. తంగూసు 0.35 మి.మీ. వాడుతున్నాను.
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ముందు ఆ తంగూసును మార్చండి. నైలాన్ సాగుతుంది. ఇరవై మీటర్ల అవతల మీరు గుంజిన ఊపులో చాలా భాగం ఆ సాగుడుకే పోయి, గట్టి ఎముకల నోట్లో గాలం దిగదు. 30 నుంచి 40 పౌండ్ల లాగుడు తట్టుకునే అల్లిక దారం, అంటే బ్రెయిడ్ వేయండి. కలుపు దట్టంగా ఉంటే దారాన్ని నేరుగా కప్పకు కట్టండి. ఖాళీ నీళ్లయితే చివర అర మీటరు 0.40 మి.మీ. ఫ్లోరోకార్బన్ తంగూసు కలపండి, కంటికి తక్కువ కనిపిస్తుంది.

రెండోది, కప్పను సరిచేయడం. కొన్నది కొన్నట్టే వాడితే గాలం మొనలు కప్ప వీపును అంటుకుని ఉంటాయి. శ్రావణంతో రెండు మొనలనూ ఒక మిల్లీమీటరు బయటికి, కాస్త పైకి వంచండి. అంతకు మించితే కలుపులో చిక్కుకుంటుంది. ఒంటిని వేళ్లతో నొక్కితే మొనలు పూర్తిగా బయటపడాలి. రబ్బరు గట్టిగా ఉండి నొక్కుకోకపోతే ఆ కప్పను పక్కన పెట్టండి. వెనక తోకలు పొడవుగా ఉంటే ఒకదాన్ని కత్తిరించండి, చేప తోకను పట్టుకుని వదిలేయడం తగ్గుతుంది. నాలుగైదు సార్లు వేశాక కప్పను పిండి, లోపలి నీళ్లు తీసేయండి. మొనను బొటనవేలి గోరు మీద మెల్లగా లాగితే పట్టుకోవాలి, జారితే ఆకురాయి పట్టండి.

మూడోది తొందర. చప్పుడు వినగానే గుంజకండి. రాడ్ కొసను నీళ్ల వైపు దించి, కప్ప కనిపించకుండా పోయిందా, దారం కదులుతోందా చూడండి. వదులు దారాన్ని రీలుకు చుట్టేసి, బరువు చేతికి తెలిశాక పైకి ఒక్క ఊపున గుంజండి. చప్పుడుకూ గుంజుడుకూ మధ్య ఒక సెకను, సెకనున్నర ఎడం. తగిలాక మెత్తగా ఆడించకండి. చేప కలుపులో తల దూరిస్తే దారానికి గడ్డి చుట్టుకుని బయటికి రాదు. డ్రాగ్ (రీలు నుంచి దారం జారకుండా పట్టే మర) బిగించి, తల పైకెత్తించి, ఆగకుండా తెచ్చేయండి.

జూలై, ఆగస్టులో ఇలా జరుగుతుంటే కారణం వేరే ఉండొచ్చు. కింది జవాబు చూడండి.

ప్రశ్న: చెరువులో ఎర్రటి పిల్లల గుంపు తేలుతుంటే, అక్కడ ఏది వేసినా పెద్ద కొర్రమీను కొడుతుందట. వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, గద్వాల

జవాబు: కొడుతుంది నిజమే. దయచేసి వేయకండి. అది ఆకలి దెబ్బ కాదు, కాపలా దెబ్బ. తల్లీతండ్రీ గుంపు కిందే ఉండి, దగ్గరికొచ్చిన దేన్నయినా తరుముతాయి. చాలాసార్లు నోరు మూసుకునే పొడుస్తాయి కాబట్టి గాలం పడదు. పడితే మాత్రం నష్టం ఎక్కువ. కాపలా తప్పిన పిల్లలను జెల్లలు, నీటిపాములు, లకుముకి పిట్టలు తొందరగానే తినేస్తాయి. కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప, ఇప్పటికే చాలా చెరువుల్లో తగ్గింది. ఎరుపు పోయి పిల్లలు నల్లబడి, గుంపు విడిపోయే దాకా కొన్ని వారాలు ఆ మూలను వదిలేయండి. నీళ్లలో ఎర్రగా మరుగుతున్నట్టు బుడగలు కనిపిస్తే అదే గుంపు. పిల్లలన్నీ కలిసి గాలి పీల్చడానికి పైకి వస్తాయి.

ప్రశ్న: డిసెంబరు, జనవరిలో పొద్దున ఆరింటికి కోయిల్‌సాగర్ పోతున్నాం. ఏమీ తగలడం లేదు.
– ఇద్దరు మిత్రులు, దేవరకద్ర

జవాబు: పొద్దున నిద్రపోండి. ఆ నెలల్లో రాత్రి చలికి పైనీళ్లు చల్లబడి చేప మందగిస్తుంది. పదకొండు నుంచి మూడింటి మధ్య, ఎండ పడే లోతు తక్కువ మూలల్లో, కప్పను మామూలుకన్నా సగం వేగంతో లాగండి.

ప్రశ్న: గాలం వేయడానికి ఎవరి అనుమతి కావాలి? సోమశిల వైపు వెళ్లాలనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: ఊరి చెరువులో చేపల మీద హక్కు సాధారణంగా అక్కడి మత్స్య సహకార సంఘానిది. చేపపిల్లలను పెంచుకునేది వాళ్లే. సంఘం పెద్దను అడిగి, ఒప్పుకుంటేనే వేయండి. రిజర్వాయర్ అయితే జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో లైసెన్సు గురించి, గుడ్ల కాలంలో వేట నిషేధ తేదీల గురించి అడగండి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ హద్దులో గాలం తీయనే వద్దు. కృష్ణ ఒడ్డున ఆ హద్దు ఎక్కడ మొదలవుతుందో అటవీ సిబ్బందిని ముందే కనుక్కోండి.

కృష్ణలో మొసళ్లున్నాయి, మోకాలి లోతు దాకా దిగి వేసే అలవాటు మానండి. నీళ్లు తగ్గే కాలంలో ఒండ్రు మరీ ప్రమాదం. పైన ఎండి నెర్రెలిచ్చి గట్టిగా కనిపిస్తుంది, లోపల నడుము దాకా మెత్తన. చేతికర్రతో ముందు పొడిచి చూడండి, కర్ర జానెడుకు మించి దిగితే అటు అడుగు వేయకండి. పశువులు నడిచిన దారి, పుట్టి ఒడ్డుకు లాగే చోటు చూసుకుని దిగండి.