సీనియర్లే కింద పనిచేస్తుంటే

ప్రశ్న: ప్రభుత్వ ఆఫీసులో ప్రమోషన్ మీద సెక్షన్ ఆఫీసర్‌నయ్యాను. నాకంటే సీనియర్లు నా కింద ఉన్నారు. జీతం పెంచలేను, ఎవర్నీ తీసెయ్యలేను. పని ఎలా చేయించాలి?

జవాబు: ఆ రెండు అధికారాలూ 30 ఏళ్ల సర్వీసులో నాకూ లేవు. ఎవరికి ఏ పని అప్పగించాలన్నది మాత్రం మన చేతిలోదే. మొదట్లో ఫైలు మీద గుమాస్తా రాసిన నోట్ కొట్టేసి నేనే తిరగరాసేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి అందరూ చిత్తు కాగితాలే పంపడం మొదలెట్టారు, సార్ ఎలాగూ దిద్దుతారుగా అని! ఆ తర్వాతే నోట్ రాసినవాళ్లను పిలిచి, "ఈ నిబంధన ఇక్కడెందుకు వర్తిస్తుంది?" అని అడగడం నేర్చుకున్నాను. మీ సీనియర్లనూ అలాగే అడగండి. పాత ఫైళ్ల గుట్టు వాళ్లకే తెలుసు. నోటిమాట ఆదేశాలు మాత్రం వద్దు, కాగితం మీద పెట్టండి. లేదంటే రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే, మీరు చెప్పారనడానికి ఆధారం లేక నలిగిపోయేది వాళ్లే.