టమాటా ధర పెరిగితే గీత ఎటు పోతుంది?

హైదరాబాద్

అమ్మా, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మొదటి వాక్యం దగ్గరే చిరాకేసింది: "ధరల మంట సామాన్యుడి నడ్డి విరుస్తోంది." ఏ సామాన్యుడు? ఏ ధర? ఈ వాక్యాన్ని పత్రికలు ఎన్నేళ్లుగా అచ్చేస్తున్నాయో! కొట్టెయ్. దాని కిందే "టమాటా ధర పెరగడంతో బడ్జెట్ రేఖ మొత్తం లోపలికి జరిగింది" అన్నావు. జరగదమ్మా, తిరుగుతుంది.

లెక్క కట్టి చూడు. కూరగాయలకు వారానికి 400 రూపాయలనుకో. టమాటా కిలో 20, బెండకాయ 40. అన్నీ టమాటాలే కొంటే 20 కిలోలు, అన్నీ బెండకాయలే అయితే 10. గ్రాఫులో ఒక అక్షం మీద టమాటా కిలోలు, ఇంకో అక్షం మీద బెండకాయ కిలోలు పెట్టి, ఈ రెండు కొసలనూ కలిపే గీతే బడ్జెట్ రేఖ. 2023 జులైలో లాగా టమాటా వంద దాకా ఎగబాకితే ఆ కొస 20 నుంచి 4కి వచ్చిపడుతుంది. బెండకాయ కొస 10 దగ్గరే ఉంటుంది. మునుపు కిలో టమాటాకి అరకిలో బెండకాయ వదులుకుంటే సరిపోయేది, ఇప్పుడు రెండున్నర కిలోలు వదులుకోవాలి. రేఖ వాలు చెప్పేది ఇదే. నువ్వు రాసినట్టు సమాంతరంగా లోపలికి రావాలంటే రెండు ధరలూ ఒకే నిష్పత్తిలో పెరగాలి, లేదా చేతికొచ్చే డబ్బు తగ్గాలి.

లెక్క కట్టకుండా ధరల మీద కలం పెట్టకూడదు. చిక్కడపల్లి లైబ్రరీలో పాత పేపర్లు తిరగేసి, మార్కెట్ ధరలు ఎత్తిరాసుకుని నేనో వ్యాసం పంపితే, ఒక ఎడిటరు అంకెలన్నీ పీకేసి విశేషణాలు ఉంచాడు. పాఠకులు లెక్కలు చదవరట! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రైతుబజారులో ధరల బోర్డు ముందు నిలబడి మనసులోనే కూడికలు, తీసివేతలు చేసే ఆడవాళ్లు పాఠకులు కారా?

నాలుగో పేరాలో మీ అమ్మగారు ఎర్రగడ్డ రైతుబజారులో ఏరిన టమాటాల్లో సగం మళ్లీ కుప్పలో పోసి, చింతపండు కొన్నారని ఒక్క ముక్కలో దాటేశావు. అక్కడ నా గొంతు పట్టేసింది. వ్యాసమంతా అక్కడే ఉంది. టమాటా ప్రియమై చింతపండు వైపు మళ్లడం ప్రత్యామ్నాయ ప్రభావం. అదే డబ్బుకి కొనే శక్తి తగ్గి సంచి తేలికవడం ఆదాయ ప్రభావం. 1915లో స్లట్‌స్కీ, తర్వాత హిక్స్ అనే ఆర్థికవేత్తలు విడదీసి చూపించింది ఈ రెండింటినే.

కలం పేరు గురించీ, ఏ పత్రికకి పంపాలన్న దాని గురించీ అడిగావు. ముందు మీ అమ్మగారి పక్కన కూర్చో. ఆ రోజు ఎంత డబ్బుతో వెళ్లారో, ఏది ఎన్ని కిలోలు తెచ్చారో, ఏది మానేశారో అడిగి రాసుకో. ఆ అంకెలతో మళ్లీ రాసి నాకు పంపు.