ఇంట్లో పెట్టి మాన్పించాలని చూస్తున్నారా? మా తమ్ముడి సంగతి వినండి

"ఇంజనీరింగ్ చదివే మా తమ్ముడు రోజూ తాగుతున్నాడు. ఈ వయసు పిల్లలు ఎందుకిలా అయిపోతున్నారు? ఇంట్లోనే పెట్టి మాన్పించడం ఎలా?" అని అడిగారు. ఆ చివరి మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను. అలా మాన్పించబోయి మేం మా తమ్ముణ్ణి పోగొట్టుకోబోయాం. కాబట్టి ముందు అదే చెప్తాను.

మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. అప్పటికి వాడికి ఇరవై నాలుగేళ్లు. పొద్దున లేవగానే చేతులు వణికేవి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు, అయినా సగం చొక్కా మీదే ఒలికేది. గుక్కెడు మందు పడ్డాక వణుకు ఆగేది. అది ఎంత పెద్ద హెచ్చరికో మాకు తెలియలేదు. మామయ్య వచ్చి, "గదిలో వేసి గొళ్లెం పెట్టండి, మూడు రోజుల్లో వాడే దారికొస్తాడు" అన్నాడు. అలాగే చేశాం. మొదటి రోజంతా తిట్లు, చెమటలు, వాంతులు. రెండో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. అమ్మ ఏడుస్తూ వాడి చేతిలో తాళాల గుత్తి పెట్టింది. కారు మాట్లాడుకుని నెల్లూరు తీసుకెళ్లాం. ఆ సాయంత్రం ఆసుపత్రి మంచం మీద వాడు దుప్పటి మీంచి ఏవో ఏరుతూ "అక్కా, చీమలు. దులపవే" అంటున్నాడు. అక్కడ ఒక్క చీమ కూడా లేదు.

రోజూ తాగే ఒంటికి మందు ఒక్కసారిగా ఆపేస్తే మెదడు అదుపు తప్పుతుందనీ, మొదటి మూడు నాలుగు రోజులే ప్రాణాంతకమనీ డాక్టరు చెప్పారు. వాళ్లు ముందు బీ1 విటమిన్ ఇంజక్షన్ ఇచ్చి, ఆ తర్వాతే గ్లూకోజు ఎక్కించారు. వణుకు, ఫిట్స్ రాకుండా ఇచ్చే మందును రోజురోజుకీ తగ్గిస్తూ వచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి వైన్ షాపులన్నీ ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి వరస కట్టింది ఇలాంటివాళ్లే.

ఇంకో తప్పు కూడా చేశాం. బస్టాండు గోడ మీద "తాగేవారికి తెలియకుండా మాన్పించబడును" అన్న కాగితం చూసి, అమ్మ ఆ పొడి తెప్పించి సాంబారులో కలిపింది. ఆ మాట వినగానే డాక్టరు మండిపడ్డారు. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే ఒక మందు) ఉంటే, తెలియక దాని మీద తాగినవాడికి బీపీ పడిపోయి గుండె మీదికి రావచ్చట. మేం కలిపిన దాంట్లో ఏముందో ఈ రోజుకీ తెలియదు.

ఇక ఎందుకు తాగుతున్నారంటే, స్నేహితులే చెడగొట్టారని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోను. హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్‌కి వాడు ఉన్న గదిలోనే ఉన్న మిగతా ముగ్గురూ శనివారం తాగి, సోమవారం కోచింగ్‌కి వెళ్లి, ఉద్యోగాల్లో చేరిపోయారు. వీడికి బ్యాక్‌లాగ్‌లు, అంటే ఇంకా పాసవ్వాల్సిన సబ్జెక్టులు ఉన్నాయి. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు, నిద్ర కోసం క్వార్టర్ మొదలైంది. తాగితేనే నిద్ర వస్తుందని వాడికి నేర్పింది మా ఇల్లే. నాన్న రోజూ సాయంత్రం వరండాలో కూర్చునేవాడు. సోడా, కారబ్బూంది తెచ్చేది వీడు. గ్లాసులో సోడా ఎంత పోయాలో ఎనిమిదేళ్లకే తెలుసు వాడికి. సరిగ్గా పోస్తే "నా కొడుకు" అని నాన్న మురిసిపోయేవాడు. ఊరికి తిరిగొచ్చాక బెల్టు షాపు ఉండనే ఉంది. 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదని చట్టం, కానీ అక్కడ వయసు ఎవరడుగుతారు, అప్పు కూడా రాసుకుంటారు.

ఒక ఏడాది అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టలేదు. అప్పటికి ఒళ్లు ఇంకా మందుకి అంతగా బానిస కాలేదు. మాల తీసిన రాత్రే మళ్లీ తాగొచ్చాడు. "కావాలనుకుంటే మానగలడు, కొవ్వెక్కి తాగుతున్నాడు" అని ఇంటిల్లిపాదీ తీర్మానించాం. ఆ మాట వల్ల వైద్యం రెండేళ్లు వెనక్కి పోయింది.

ఆ రెండేళ్లూ మేం చేసింది దాచడం. ఎవరైనా ఫోన్ చేస్తే "వాడికి జ్వరం" అనేది అమ్మ. ఫోన్ యాప్‌లో వాడు తీసుకున్న లోన్లు నా జీతంలోంచి కట్టాను, చీటీ డబ్బులూ అందులోకే పోయాయి. నా పెళ్లిచూపుల రోజున వాణ్ణి పొలం దగ్గర మోటారు గదిలో కూర్చోబెట్టాం. దాని గురించి వాడు ఇంతవరకు ఒక్క మాట అనలేదు, నాకు మాత్రం తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

మా అమ్మమ్మ అలా దాచుకున్న మనిషి కాదు. 1992లో మా జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించాక ఆ నిప్పు జిల్లా అంతా పాకింది. అమ్మమ్మ కూడా చీపురు పట్టుకుని వాళ్ల ఊరి కొట్టు ముందు కూర్చుంది. "మా ఆయన తాగి కొడుతున్నాడు" అని నడివీధిలో చెప్పింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధించారు, 1997లో ఎత్తేశారు. నిషేధం నిలబడలేదు, నిజమే. కానీ ఇంటి గుట్టు వీధిలో చెప్పినందుకు ఆమె పరువేమీ పోలేదు. చదువుకున్న మేమే నోరు మూసుకున్నాం.

డిశ్చార్జి అయ్యాక కూడా వాడు రెండుసార్లు జారాడు. రెండోసారి తనే వచ్చి చెప్పాడు, మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు వెళ్తున్నాడు, ఫీజేమీ ఉండదు. ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది. నాన్న మానలేదు గానీ వరండాలో కూర్చోవడం మానేశాడు.

మీరు రేపు పొద్దున మీ తమ్ముడు లేవగానే చేతులు చూడండి. వణుకుతున్నా, తాగితేనే ఆ వణుకు తగ్గుతున్నా డాక్టరు చూసేదాకా ఒక్కసారిగా ఆపించకండి, గొళ్లెం పెట్టకండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల విభాగానికి తీసుకెళ్లండి. ఎక్కడికెళ్లాలో తోచకపోతే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి గానీ ఫోన్ చేయండి, రెండూ ఉచితమే. ఫిట్స్ వచ్చినా, లేనివి కనబడుతున్నాయన్నా తెల్లవారేదాకా ఆగకుండా 108కి చేయండి.